లోడ్ ఎక్కట్లేదా? ముందు నీళ్లు చూడండి: కాలువ మీది చిన్న హైడల్ యూనిట్ తిప్పలు

కాకతీయ కాలువ లాంటి సాగునీటి కాలువ మీది చిన్న హైడల్ (నీటితో కరెంటు తీసే) యూనిట్ మొరాయిస్తే, పానా పట్టుకునే ముందు గట్టెక్కి నీళ్లు చూడాలి. సగం జబ్బులు అక్కడే తెలిసిపోతాయి.

గైడ్ వేన్లు (టర్బైన్‌కు నీళ్లు వదిలే రెక్కలు) పూర్తిగా తెరిచినా లోడ్ (కరెంటు ఉత్పత్తి) ఎక్కట్లేదు

చెత్త ఆపే కడ్డీల జాలి, అంటే ట్రాష్ ర్యాక్‌కు ముందూ వెనకా నీటిమట్టం కొలవండి. తేడా రోజుకన్నా ఎక్కువుంటే కడ్డీలకు చెత్త పట్టినట్టే. గుర్రపుడెక్క, నాచు మామూలే. వినాయక నిమజ్జనం, సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు మాత్రం దండలు, గుడ్డలు, తంగేడు పూలు ఒక్కసారిగా వచ్చి పడతాయి.

చెత్త వల్ల హెడ్ (నీళ్లు పడే ఎత్తు) తగ్గేది ఒక్క మీటరే కదా అనుకోవద్దు. సెకనుకు 10 ఘనపు మీటర్ల నీళ్లు, 5 మీటర్ల హెడ్, 80 శాతం సామర్థ్యం ఉంటే 9.81 × 10 × 5 × 0.8, అంటే దాదాపు 392 కిలోవాట్లు. మీటరు హెడ్ పోతే 314. నీళ్లు కూడా తగ్గుతాయి కాబట్టి అసలు నష్టం ఇంకా ఎక్కువే.

యూనిట్ ఆపి, దానికి నీళ్లు వచ్చే ఇన్‌టేక్ గేటు దించాకే చెత్త లాగాలి. తిరుగుతుండగా మనిషిని దింపొద్దు, నీళ్లు కడ్డీలకు అదిమేస్తాయి.

ర్యాక్ శుభ్రంగా ఉందా? టెయిల్ రేస్ (యూనిట్ నుంచి నీళ్లు బయటికి పోయే దారి) చూడండి. దిగువ రెగ్యులేటర్ గేట్లు దించితే నీళ్లు వెనక్కి ఎగదన్ని హెడ్ తగ్గుతుంది. దానికి మనం చేయగలిగింది కాలువ వాళ్లకు ఫోన్ చేయడమే. 36 మెగావాట్ల పోచంపాడు పవర్‌హౌస్ కూడా కాలువకు నీళ్లు వదిలితేనే తిరుగుతుంది. పొలం ముందు, కరెంటు తర్వాత.

బేరింగ్ వేడెక్కుతోంది

కొత్తనీరు వచ్చిన రోజుల్లో చల్లబరిచే నీళ్లను వడకట్టే కూలింగ్ వాటర్ స్ట్రైనర్‌లో ఒండ్రు పేరుకుంటుంది. కడగండి, ఆయిల్ మట్టం చూడండి. వేడి దిగకపోతే యూనిట్ ఆపేయండి.

లోపల కంకర పోసినట్టు చప్పుడు

కావిటేషన్ కావచ్చు, అంటే నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి బ్లేడ్ల దగ్గర పగలడం. లోడ్ కొంచెం మార్చి చూడండి. తగ్గకపోతే ఆపి, బ్లేడ్లకు గుంటలు పడ్డాయేమో చూడాలి.

లైన్ పోగానే యూనిట్ ట్రిప్ అయింది

"పక్కనే కరెంటు తయారైతుంటే మా ఊళ్లె ఎట్ల పోతది?" అని ఊరివాళ్లు అడిగేది దీని గురించే. నిజానికి ఇది జబ్బు కాదు. చిన్న యూనిట్లలో చాలావాటివి ఇండక్షన్ జనరేటర్లు. వాటికి అయస్కాంత బలం గ్రిడ్ నుంచే రావాలి. పైగా పోయిన లైన్‌లోకి మనం కరెంటు పంపితే ప్రమాదం, స్తంభం మీద లైన్‌మన్ ఉండొచ్చు. సబ్‌స్టేషన్ నుంచి మాట వచ్చి, లైన్ 50 హెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉన్నాకే మళ్లీ కలపండి.

ట్రిప్ అయ్యాక వేగం దిగట్లేదంటే గైడ్ వేన్లు మూసుకోలేదన్నమాట. అప్పుడు ఇంకేమీ చూడొద్దు, ఇన్‌టేక్ గేటు దించేయండి.