బల్ల మీద ఫ్యాను, బల్ల కింద జీవుడు

హిందీ వ్యంగ్య రచయిత హరిశంకర్ పర్సాయి కథ ‘భోలారామ్ కా జీవ్’ (భోలారామ్ జీవుడు) చదువుతుంటే నవ్వాగదు. మేం నాటకంగా వేస్తే స్టేజీ మీద మాత్రం మొదట చప్పగా తేలింది. పింఛను రాకుండానే పోయిన జబల్‌పూర్ ఉద్యోగి భోలారామ్ జీవుణ్ని వెతుకుతూ నారదుడు ఆఫీసుకొచ్చి, పాతిక ముప్పై మంది దగ్గరికి తిరుగుతాడు. అంతమంది నటులెక్కడ? ఒక్కణ్నే కూర్చోబెట్టి, నారదుడు బల్ల చుట్టూ తిరిగొచ్చినప్పుడల్లా కళ్లజోడు మార్పించాను.

‘బరువు’, అంటే లంచం, పెట్టక దరఖాస్తులు ఎగిరిపోయాయనే చోట నిజం ఫ్యానే పెట్టాం. కాగితాలు ముందు వరుస మీద పడ్డాయి. ఇన్ని పేపర్‌వెయిట్లున్నాయిగా అని నారదుడు అమాయకంగా అడిగేసరికి హాలు గొల్లుమంది.

చివర్లో ఫైల్లోంచి వచ్చే భోలారామ్ జీవుడి గొంతు మొదట స్పీకర్లో ఆకాశవాణిలా వినిపించేది. అందుకే ఆ గొంతిచ్చే నటుణ్ని బల్ల కిందే దాచాం. పింఛను ఆర్డరొచ్చిందా అని అక్కణ్నుంచే అడుగుతాడు. పాపం, ఫ్యాను గాలి అతనికి తగలదు.