గృహ హింస అర్జీ మనమే రాసుకుందాం – 3వ పాఠం: ఏ గట్టున వెయ్యాలి, ఏం రాయాలి

పోయిన పాఠంలో రక్షణ అధికారి (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) దగ్గరికి వెళ్ళి గృహ హింస సంఘటన నివేదిక, అంటే ఫారం 1, రాయించుకోవడం చూశాం. ఆ నివేదిక లేకపోయినా కోర్టు ఉత్తర్వు ఇవ్వొచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి అధికారి దొరక్క అక్కడే ఆగిపోయినవాళ్ళు ఈ పాఠం నుంచి మొదలుపెట్టినా నష్టం లేదు. ఈసారి పని ఫారం 2. 2005 నాటి గృహ హింస చట్టం సెక్షన్ 12 కింద మేజిస్ట్రేటుకి పెట్టుకునే అర్జీ ఇదే. ఒక నోటు పుస్తకం, గోడ క్యాలెండరు, ఫోను దగ్గర పెట్టుకోండి. ఆ పుస్తకం మాత్రం అత్తవారింట్లో దాచొద్దు. ఇప్పటికిప్పుడు ప్రాణభయం ఉంటే పాఠం పక్కన పడేసి 112కో, మహిళల హెల్ప్‌లైన్ 181కో ఫోన్ చెయ్యండి.

ముందు కోర్టు సంగతి తేలాలి. మన పాఠంలోని అమ్మాయి పుట్టిల్లు పాతపట్నం పక్క పల్లె, కాపురం పర్లాకిమిడిలో. ఆటోలో వెళ్ళొచ్చేంత దూరం. మధ్యలో రాష్ట్రం మారుతుంది, అంతే. దెబ్బలు తిని పుట్టింటికొచ్చి ఇక్కడి స్టేషనుకి వెళ్తే, "ఆ గొడవ ఒడిశాలో జరిగింది కదా, అక్కడే తేల్చుకోండి" అన్నారు. అక్కడికి వెళ్తే, "నువ్వు ఆంధ్రాలో ఉంటున్నావు కదా" అన్నారు. సరిహద్దు ఊళ్ళలో ఇది తెలిసిన కథే. చట్టంలో సెక్షన్ 27 చదివితే ఈ రెండు మాటలకీ జవాబుంది. మీరు శాశ్వతంగా గానీ తాత్కాలికంగా గానీ ఉంటున్న చోట, ఉద్యోగమో వ్యాపారమో చేస్తున్న చోట, అవతలివాళ్ళు ఉంటున్న చోట, హింస జరిగిన చోట... వీటిలో ఏ ఊరి మేజిస్ట్రేటు కోర్టులోనైనా అర్జీ వేసుకోవచ్చు. అంటే ఈ అమ్మాయికి శ్రీకాకుళం జిల్లా కోర్టూ తెరిచే ఉంది, గజపతి జిల్లా కోర్టూ తెరిచే ఉంది. మహారాష్ట్రలోని ధర్మాబాదు నుంచి తెలంగాణలోని బాసర వచ్చేసినవాళ్ళకీ, అటువైపే ఉన్న సిరొంచ నుంచి గోదావరి దాటి ఇటు కాళేశ్వరం వచ్చేసినవాళ్ళకీ ఇదే లెక్క.

తాత్కాలికంగా ఉండడమంటే చుట్టపుచూపుగా రెండ్రోజులు ఉండడం కాదు. ఇక్కడే తలదాచుకుంటున్నానని చూపించగలగాలి. బిడ్డని ఇక్కడి అంగన్‌వాడీలోనో బడిలోనో చేర్పించి ఉంటే ఆ కాగితం చాలా పనికొస్తుంది. ఆధార్‌లో పర్లాకిమిడి చిరునామా ఉందని కంగారు పడకండి. "నా భర్త ఇంటి నుంచి ఫలానా తేదీన గెంటివేయబడి, అప్పటి నుంచి ఫలానా ఊళ్ళో మా అమ్మగారింట్లో తాత్కాలికంగా నివసిస్తున్నాను" అని అర్జీ మొదటి పేజీలోనే రాయండి.

రెండూ తెరిచే ఉంటే ఏది ఎంచుకోవాలి? నన్నడిగితే పుట్టింటి వైపే. వాయిదాకి వెళ్ళిన ప్రతిసారీ కోర్టు వరండాలో అత్తింటి బంధువర్గం మధ్య కూర్చోవడం అందరి వల్లా కాదు. పైగా ఇక్కడ తెలుగులో మాట్లాడితే గుమాస్తా నుంచి జడ్జిగారి దాకా అందరికీ తెలుస్తుంది. ఒక్క మినహాయింపు ఉంది. మీ ఉద్యోగం, బిడ్డ చదువు పర్లాకిమిడిలోనే ఉండి, ఆ ఇంట్లోనే ఉండాలని మీ పట్టుదల అయితే అక్కడే వెయ్యండి. అక్కడ కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో నడుస్తాయి కాబట్టి ముందు మీ తెలుగులో పూర్తిగా రాసుకుని, ఆ తర్వాతే తర్జుమా చేయించండి. సంతకం పెట్టేముందు వకీలు చేత వాక్యం వాక్యం తెలుగులో చెప్పించుకోండి. మొహమాటపడితే మీ పేరు మీద మీకు తెలియని కథ కోర్టుకెక్కుతుంది. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళినా సరే, 15100కి ఫోన్ చేసినా సరే.

ఇక రాయడం. ఎవరిని కదిపినా మొదట వచ్చే వాక్యం ఒకటే: "పెళ్ళైన దగ్గర్నుంచి మా అత్తింటివాళ్ళందరూ నన్ను శారీరకంగా, మానసికంగా హింసిస్తున్నారు." వకీళ్ళ దగ్గర కూడా ఇది అచ్చు పోసినట్టు ఉంటుంది. అబద్ధమని కాదు, దాంతో కోర్టుకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి మనకి రెండు రకాలుగా పాఠం. ఆ కేసులో కోడలు బెంగళూరు నుంచి అర్జీ వేసింది. అత్తమామలు చెన్నైలో, మిగతా బంధువులు వేరే రాష్ట్రాల్లో. ఆమె ఉంటున్న ఊరు కాబట్టి బెంగళూరు కోర్టుకి అధికారం ఉందని ఒప్పుకున్నారు. భర్త, అత్తమామల మీద అర్జీ నిలిచింది. మిగతా బంధువుల మీద ఫలానా పని చేశారన్న ఆరోపణే లేదని వాళ్ళ మీద కొట్టేశారు. ఆడపడుచు మొగుణ్ణి, దుబాయిలో ఉన్న మరిదినీ కోపం కొద్దీ చేర్చేముందు ఇది గుర్తుంచుకోండి.

మా దగ్గరికొచ్చిన వాళ్ళని కూర్చోబెట్టి అడిగితే మాట ఇలా వస్తుంది: "ఏటి సెప్పమంటారప్పా, తాగొచ్చీసి రోజూ గొడవే." రోజూ జరిగేదాన్ని ఒక రోజుకి తేవడమే ఇందులో పని. తేదీ గుర్తులేదంటారు గానీ పండగలు గుర్తుంటాయి. "రథయాత్ర మర్నాడు" అన్నదనుకోండి. క్యాలెండరు తిప్పితే 2025లో రథయాత్ర జూన్ 27, శుక్రవారం. అయితే మర్నాడు 28. "కనుమ నాడు" అంటే అదే ఏడు జనవరి 15. అప్పుడు వాక్యం ఇలా తయారవుతుంది:

"2025 జూన్ 28, శనివారం రాత్రి సుమారు 9 గంటలకు, పర్లాకిమిడిలో మేము అద్దెకుంటున్న ఇంటి వంటగదిలో, పుస్తెలతాడు తాకట్టుకి ఇమ్మని నా భర్త అడిగారు. నేను ఇవ్వనన్నాను. ఆయన నా కుడిచెయ్యి మెలితిప్పి గోడకేసి తోశారు. మా అత్తగారు గుమ్మంలో నిలబడి, 'ఇవ్వకపోతే దాని పుట్టింటికి తోలీ' అన్నారు. అరుపులకి పక్కవాటా ఆవిడ వచ్చి నన్ను వాళ్ళింట్లో కూర్చోబెట్టారు. 30వ తేదీ, సోమవారం ఆసుపత్రిలో చెయ్యి చూపించుకున్నాను. అత్తగారు నా పక్కనే ఉండడం వల్ల, బావి దగ్గర జారిపడ్డానని డాక్టరుగారితో చెప్పాను. ఆ చీటీ జతచేస్తున్నాను."

ఆ చివరి సంగతి చూడండి. ఆసుపత్రి చీటీలో "జారిపడింది" అని ఉందని చాలామంది దాన్ని దాచేస్తారు. అవతలి వకీలు దాన్నే పట్టుకుని లాగుతాడు. ఎందుకలా చెప్పాల్సి వచ్చిందో మీరే ముందు రాసేస్తే అతనికి లాగడానికి ఏమీ మిగలదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ కాపురం చేసిన నెలల్ని కూడా ఇలాగే రాయండి. పెద్దమనుషులు కూర్చోబెట్టి పంపించారా? ఎవరు, ఎప్పుడు, అక్కడ భర్త ఏం ఒప్పుకున్నాడు? అదీ సాక్ష్యమే. చెయ్యిచేసుకోవడమే హింస అనుకోకండి. జీతం లాక్కోవడం, సరుకులకి డబ్బివ్వకపోవడం, స్త్రీధనం తాకట్టు పెట్టడం చట్టంలో ఆర్థిక హింస కిందికి వస్తాయి. బూతులు, మగపిల్లాడు పుట్టలేదన్న ఎత్తిపొడుపులు మాటల హింస.

తర్వాత ఏం కావాలో అడగాలి. ఫారం 2లో గళ్ళుంటాయి. కొట్టకుండా, నా దగ్గరికి రాకుండా, ఫోన్లు చెయ్యకుండా ఆపే రక్షణ ఉత్తర్వు సెక్షన్ 18. ఇంట్లో ఉండనివ్వడం, స్త్రీధనం తిరిగి ఇప్పించడం 19. ఖర్చులు, భరణం 20. బిడ్డని మన దగ్గర ఉంచుకోవడం 21, నష్టపరిహారం 22. వీటిలో 18ని మాత్రం ఎవరేమన్నా వదలొద్దు. ఉత్తర్వు మీరినవాళ్ళకి ఏడాది దాకా జైలు గానీ, 20,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయని సెక్షన్ 31 చెబుతోంది గానీ, అందులో ఉన్న మాట "రక్షణ ఉత్తర్వు, మధ్యంతర రక్షణ ఉత్తర్వు" (మధ్యంతరం అంటే కేసు తేలేలోపు ఇచ్చేది). భరణం ఒక్కటే అడిగి తెచ్చుకున్నవాళ్ళు గుమ్మం ముందుకొచ్చి తిడుతున్న మనిషిని చూపించి పోలీసుల్ని పిలిస్తే కాగితంలో ఆ మాట కనబడదు.

సరిహద్దువాళ్ళు ఇంకో వాక్యం కలపాలి. ఒక కోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుందని సెక్షన్ 27లోనే ఉంది. ప్రతిని సంబంధిత స్టేషనుకి ఉచితంగా పంపాలని 24లో ఉంది. కాబట్టి "ఉత్తర్వు ప్రతులను నేను ఉంటున్న స్టేషనుకీ, నా భర్త ఇల్లున్న పర్లాకిమిడి స్టేషనుకీ పంపించమని ప్రార్థన" అని రెండు స్టేషన్ల పేర్లూ రాయండి. సామాన్లు తెచ్చుకోవడానికి వెళ్ళే రోజున ఇది తేడా చూపిస్తుంది.

మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో పెట్టాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం. వాయిదాల రుచి తెలిసినవాళ్ళు ఇది విని నవ్వుతారు, నవ్వనివ్వండి. రాష్ట్రం దాటాల్సిన నోటీసు ఇంకా నిదానంగా నడుస్తుంది. అందుకే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు కూడా అర్జీతో పాటే అడగాలి. ఫారం 3 ప్రమాణపత్రం (అఫిడవిట్) చూసి, అవతలివాళ్ళు రాకముందే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఏదైనా రాయడం మర్చిపోతే అర్జీని సవరించుకోవచ్చని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, అంతా గుర్తొచ్చేదాకా ఆగక్కర్లేదు.

నోటీసు అందుకున్న ఇంటివాళ్ళు కూడా ఈ పాఠాలు చదువుతున్నారని తెలుసు. నోటీసు వచ్చినంత మాత్రాన అరెస్టు చెయ్యరు. తేదీకి వెళ్ళండి, వెళ్ళకపోతే మీరు లేకుండానే ఉత్తర్వు వస్తుంది. జవాబు కూడా పైన చెప్పిన పద్ధతిలోనే, తేదీకి తేదీ రాయండి. "అన్నీ అబద్ధాలు" అన్న జవాబుకి విలువ ఉండదు. రక్షణ ఉత్తర్వు వచ్చాక రాజీ పేరుతో పెద్దల్ని పంపించినా, బిడ్డని చూస్తానని గుమ్మం దాకా వెళ్ళినా ఇరుక్కుంటారు. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకి అప్పీలు ఉంది. పరిస్థితులు మారితే మార్పు కోసం అదే మేజిస్ట్రేటుని అడగొచ్చు. అత్తగారిని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు గానీ, ఇల్లు ఖాళీ చెయ్యమని ఆడమనిషిని ఆదేశించడానికి ఈ చట్టం ఒప్పుకోదు.

ఈసారి ఇంటిపని: మూడు సంఘటనలు రాయండి. మొదటిసారి జరిగింది, చివరిసారి జరిగింది, మధ్యలో మీరు మర్చిపోలేనిది. ఒక్కోదానికీ తేదీ, చోటు, ఎవరు, ఏం చేశారు, ఏ మాటన్నారు, ఎవరు చూశారు. బూతుని చుక్కలు పెట్టి దాచొద్దు, అన్నది అన్నట్టే రాయండి. ఫోన్లో ఉన్న మెసేజీలు చెరపొద్దు, ఫోను మార్చొద్దు. వచ్చే పాఠంలో ఫారం 3, దాంతో పాటు భరణం అడిగితే 2020లోనే వచ్చిన వేరే సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ దాఖలు చెయ్యాల్సిన ఆస్తి అప్పుల ప్రమాణపత్రం. దానికోసం భర్త పనిచేసే చోటు, జీతం పడే బ్యాంకు, బండి నంబరు, అతని పేరున ఉన్న భూమి సంగతి ఏ కొంచెం తెలిసినా నోటు పుస్తకం చివరి పేజీలో రాసి ఉంచండి.