రసగుల్లా మెత్తగా రావాలంటే: పాకం పల్చగా, ఛెనా (విరిగిన పాల ముద్ద) మెత్తగా

గులాబ్ జామూన్ బాగా చేసేవాళ్లకు కూడా రసగుల్లా కుదరకపోవడానికి మొదటి కారణం పాకమే. మనకు పాకమంటే వేళ్ల మధ్య తీగ సాగాలి. ఇక్కడ తీగ వస్తే పని చెడినట్టే. చిక్కటి పాకం ఉండలోని నీటిని బయటికి లాగేస్తుంది. ఉండ ముడుచుకుపోయి రబ్బరులా సాగుతుంది. రసగుల్లా ఉడికేది దాదాపు తీపి నీళ్లలోనే.

రెండో కారణం పాలు. విశాఖలో ఇంటికి వచ్చి పోసే పాలు చాలావరకు గేదె పాలు. కాఫీకి, పెరుగుకి అవి దివ్యంగా ఉంటాయి, కానీ విరగ్గొడితే ముద్ద బిరుసుగా వస్తుంది. ప్యాకెట్ మీద ఆవు పాలు అని స్పష్టంగా రాసి ఉన్నవే లీటరు తీసుకోండి. ఫుల్ క్రీమ్ వద్దు. నెలల తరబడి నిలవుండే డబ్బా పాలు అసలే వద్దు, అవి సరిగా విరగవు.

పాలు ఒక్క పొంగు రానిచ్చి స్టవ్ ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగండి. రెండు పెద్ద చెంచాల నిమ్మరసంలో అన్నే నీళ్లు కలిపి, కొద్దికొద్దిగా పోస్తూ నెమ్మదిగా తిప్పండి. నీళ్లు లేత ఆకుపచ్చగా తేరగానే నిమ్మరసం ఆపేయాలి, మిగిలినా సరే. వెంటనే ఒక గ్లాసు ఐసు నీళ్లు పోయండి. వేడి నీళ్లలో ఇంకో పది నిమిషాలు ఉంటే విరిగిన పాలు ఉడికి గట్టిపడతాయి, తర్వాత ఎంత పిసికినా మెత్తబడవు. పల్చటి నూలు గుడ్డలో వడకట్టి, పులుపు పోయేదాకా కుళాయి కింద కడిగి, అరగంట వేలాడదీయండి. మే నెల ఉక్కలో అంతకుమించి వదిలేస్తే పులుస్తుంది. వచ్చే ముద్దనే బెంగాలీలు ఛెనా అంటారు. వేళ్లతో నొక్కితే తడి తగలాలి, నీళ్లు మాత్రం కారకూడదు.

ఇక పిసకడం. తొందరపడకూడనిది ఇక్కడే. ముద్దను పళ్లెంలో వేసి, అరచేతి కింది భాగంతో ముందుకు రుద్దుతూ, మళ్లీ దగ్గరికి తీసుకుంటూ ఎనిమిది నుంచి పది నిమిషాలు చేయండి. మొదట రవ్వరవ్వగా విడిపోతుంది. ఐదారు నిమిషాలకు పళ్లేన్ని వదలడం మొదలవుతుంది. చేతికి సన్నగా జిడ్డు తగిలి, ముద్ద నున్నగా అయిందంటే చాలు. అరచేయి నూనె రాసినట్టు మెరిసిపోతోందంటే ఎక్కువైంది. వెన్న విడిపోయి ఉండలు పగులుతాయి. ముద్ద కాస్త తడిగా అనిపిస్తే చెంచాడు మైదా కలపండి, అంతకంటే ఎక్కువ వద్దు. పెద్ద గోలీకాయంత ఉండలు చుట్టండి. ఉడికితే దాదాపు రెట్టింపు అవుతాయి. వెంట్రుకవాసి పగులున్నా మళ్లీ చుట్టాల్సిందే, ఆ పగులే పాకంలో విచ్చుకుంటుంది.

వెడల్పాటి గిన్నెలో రెండు కప్పుల పంచదార, ఐదు కప్పుల నీళ్లు బాగా మరిగించి, ఉండలు ఒక్కొక్కటే వదిలి మూత పెట్టండి. మంట పెద్దదే ఉండాలి. ఉండల మీద నురగ నిలిచి ఉండేలా పాకం తెర్లుతూనే ఉంటే లోపల ఆవిరి పుట్టి అవి ఉబ్బుతాయి. మంట తగ్గిస్తే చప్పబడిపోతాయి. పావుగంట ఉడకాలి. మధ్యలో ఐదేసి నిమిషాలకు రెండు చెంచాల వేడినీళ్లు గిన్నె అంచు వెంబడి పోస్తూ ఉంటే పాకం చిక్కబడదు. గరిటెతో కలపకండి. ఒక ఉండను చన్నీళ్ల గ్లాసులో వేసి చూడండి, మునిగితే అయినట్టే. ఉడికాక అణిగిపోయాయంటే ఛెనాలో నీరు ఎక్కువైంది. మధ్యలో గట్టి గుండు తగిలిందంటే పిసికింది చాలలేదు.

తెల్లటి రసగుల్లాను కలకత్తా బాగ్‌బజార్‌లో 1868లో నవీన్ చంద్ర దాస్ తయారుచేశారని బెంగాలీలు చెబుతారు. ఒడిశావాళ్లు అది పూరీ జగన్నాథుడి ప్రసాదమంటారు. ఫలానా ప్రాంతపు వంటకం అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) బెంగాల్‌కు 2017లో, ఒడిశాకు 2019లో విడివిడిగా వచ్చింది. విశాఖ మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీదే భువనేశ్వర్ దాటాక పహాలా వస్తుంది. అక్కడి రసగుల్లా గోధుమరంగులో, ఇంకా మెత్తగా ఉంటుంది. రెండూ తినదగ్గవే, ఒకదానితో ఇంకోదాన్ని పోల్చి తక్కువ చేయడం అనవసరం.

ఆ పాకంలోనే చల్లారనిచ్చి, కనీసం నాలుగు గంటలు నాననివ్వండి. వేడిమీద ఫ్రిజ్‌లో పెడితే ముడుచుకుపోతాయి. చలికాలంలో బెంగాలీలు కొత్త ఈత బెల్లంతో చేస్తారు. మంచి బెల్లం దొరికితే మీరూ చేయవచ్చు, కానీ ఉడికించడం పంచదార నీళ్లలోనే. తర్వాత వడకట్టిన గోరువెచ్చటి బెల్లం పాకంలోకి మార్చండి. తినే ముందు పది నిమిషాలు బయటపెడితే చలి తగ్గి మెత్తదనం తెలుస్తుంది. పాకంలో మునిగి ఉంటే ఫ్రిజ్‌లో మూడు రోజులు ఆగుతాయి. మన ఎండల్లో బయట ఆ పూటకే. పాకం మీద బుడగలు కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా పారేయండి. వడకట్టిన విరుగుడు నీళ్లు మాత్రం పారబోయకండి, చపాతీ పిండి కలపడానికి బాగుంటాయి.