నాటుకోడిని ఇంట్లో కోయాల్సి వస్తే

కోడిని తినొచ్చా, తినకూడదా అన్న వాదన ఇప్పట్లో తెగేది కాదు. కోయాలని నిర్ణయించుకున్నాక దానికి బాధ తగ్గించడం మాత్రం మన చేతిలో పని. ఆ పని కత్తి పట్టకముందే మొదలవుతుంది.

కోతకు 8–10 గంటల ముందు మేత ఆపండి, నీళ్లు ఆపొద్దు. కడుపు నిండి ఉంటే శుభ్రం చేసేటప్పుడు పేగు తెగి మాంసం పాడవుతుంది. అలాగని రోజంతా మాడ్చితే అదీ హింసే. తెల్లారకముందు గూట్లో ఉండగానే పట్టుకుంటే వాకిలంతా తరిమే గోల ఉండదు. పట్టాక కాసేపు గంప కింద కప్పి ఉంచితే నెమ్మదిస్తుంది.

కాళ్లు పట్టుకుని తలకిందులుగా మోసుకురావడం మనకు బాగా అలవాటు. కోడికి మనలా డయాఫ్రం (ఛాతీని, పొట్టను వేరుచేసే కండర పొర) ఉండదు. తలకిందులైతే లోపలి అవయవాలన్నీ గాలితిత్తుల మీద పడి ఊపిరి కష్టమవుతుంది. రెక్కలు ఒంటికి అదిమి చంకలో పెట్టుకోండి. రెక్కలు మెలేసి కట్టొద్దు, కీళ్లు తొలుగుతాయి.

మిగతా కోళ్లకు కనబడని చోటు చూసుకోండి. ఒక జంతువు ఎదుట మరోదాన్ని కోయకూడదని 2001 నాటి కబేళా నియమాలే చెబుతున్నాయి. ఇంటికి అవి వర్తించకపోయినా మాట సరైనదే.

కత్తి అలుగు 12–15 సెంటీమీటర్లు చాలు. గాల్లో పట్టుకున్న కాగితాన్ని చింపకుండా కోసేంత పదును ఉండాలి. దవడకు కాస్త కింద ఈకలు పక్కకు తీసి, మెడకు రెండువైపులా ఉన్న పెద్ద రక్తనాళాలు ఒక్క లాగుకే తెగేలా కోయాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. చేయి వణికి ఒకవైపే తెగితే స్పృహ పోవడానికి చాలాసేపు పడుతుంది. అనుమానం వస్తే చూస్తూ నిలబడకుండా వెంటనే రెండోవైపు కోసేయండి. మొండికత్తితో రంపంలా రాపాడించడం అన్నిటికంటే ఘోరం.

కొందరు మెడ తిప్పేస్తారు. బలం, ఒడుపు రెండూ ఉంటే తప్ప ఆ జోలికి పోవద్దు. యూరప్ సమాఖ్య 2009 నిబంధన కూడా చేత్తో మెడ విరవడాన్ని 3 కిలోల లోపు పక్షులకే, మనిషికి రోజుకు 70కి మించకుండానే అనుమతిస్తుంది.

కోశాక కింద పడేయకుండా అలాగే పట్టుకోండి. రెక్కలు కొట్టుకోవడం స్పృహకు గుర్తు కాదు, ప్రాణం పోయాక కూడా కొట్టుకుంటాయి. చూడాల్సింది కన్ను, ఊపిరి. కనుగుడ్డును వేలితో తాకితే రెప్ప కదలకూడదు, ఊపిరి ఆగిపోయి ఉండాలి. రక్తం పూర్తిగా కారడానికి 2–3 నిమిషాలు పడుతుంది. ఈకలు పీకడానికి 60–65 డిగ్రీల నీళ్లలో ముంచాలన్నా, పసుపు రాసి మంట మీద కాల్చాలన్నా ఆ తర్వాతే.

మొక్కుబడి కోడైతే గుడి ఆవరణలో కోయడం 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం కింద నేరం. జాతరల్లో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, అది వేరే సంగతి.

కొట్లో కోయించుకున్నా ఇవే లెక్కలు. మెడ కోసీ కోయగానే డ్రమ్ములోకి, ఇంకా కొట్టుకుంటున్న మరో కోడి మీదకి విసిరేస్తుంటే, ఆ రెండు నిమిషాలు ఆగమని అడగండి.