చెన్నై ఇంటి వాకిలికీ పెరటికీ దీపాలు: కొత్తగా వచ్చినవారికి సూచనలు

చెన్నైకి కొత్తగా వచ్చి, ముందు కొంత వాకిలీ వెనుక కొంత పెరడూ ఉన్న ఇల్లు దొరికించుకున్నవారికి ఆ ఖాళీ జాగాను వెలుగుతో నింపాలన్న కోరిక సామాను సర్దుకున్న మొదటి నెలలోనే కలుగుతుంది. ఆ తొందరలో చాలామంది ముందు దుకాణానికి వెళ్ళి దీపాలు కొనుక్కుని వచ్చి, తరువాత వాటిని ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తారు. ఈ ఊళ్ళో అది తలకిందుల పద్ధతి. ఎన్ని దీపాలు కావాలి, ఏ నమూనావి కావాలి అన్న ప్రశ్నల కంటే ముందు, ఈ ఆవరణలో వాననీరు ఎక్కడ నిలుస్తుంది, సముద్రపు గాలి ఎంత తగులుతుంది అన్నవి తెలుసుకోవాలి. మిగిలినవన్నీ వాటిని బట్టే తేలుతాయి.

తెలంగాణ నుంచో రాయలసీమ నుంచో వచ్చినవారికి వానాకాలం అంటే జూన్ నెల గుర్తుకు వస్తుంది. చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య, ఈశాన్య రుతుపవనాలతో కురుస్తుంది. నెల్లూరు వారికి మాత్రం ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. 2015 డిసెంబరు వరదలోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడూ వేళచ్చేరి, ముడిచూరు వంటి పల్లపు ప్రాంతాల్లో ఇళ్ళలోకే నీరు వచ్చింది. కాబట్టి ఇంటి తాళాలు చేతికి అందిన రోజునే ఇరుగుపొరుగువారిని అడిగి, నీరు ఎంత ఎత్తు వరకు వచ్చిందో తెలుసుకోండి. ప్రహరీ గోడ లోపలి వైపు పాత మరక ఉంటే అది కూడా చెబుతుంది. ఆవరణలో పెట్టే స్విచ్చులూ, ప్లగ్గులూ, జంక్షన్ బాక్సులూ అన్నీ ఆ గీతకు కనీసం ఒక అడుగు పైన ఉండాలని ముందే నిశ్చయించుకోండి.

ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. పాలవాక్కంలో మేము మొదట అద్దెకు ఉన్న ఇంట్లో, గేటు నుంచి మెట్ల వరకు నడిచే బాటకు ఇరువైపులా నేలలో గుచ్చే దీపాలు ఆరు పెట్టించాము. దీపాలు మంచివే, ఆరుబయట వాడకానికి తయారైనవే. పని చేసిన వ్యక్తి వాటి తీగలను ఒకదానికొకటి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, మట్టిలో పూడ్చి వెళ్ళిపోయాడు. అక్టోబరులో మొదటి పెద్దవాన కురిసిన రాత్రి ఇల్లంతా చీకటైపోయింది. ట్రిప్పు స్విచ్చును ఎన్నిసార్లు పైకి ఎత్తినా మళ్ళీ పడిపోయింది. మరునాడు తవ్వి చూస్తే, ఒక అతుకు దగ్గర టేపు విప్పగానే లోపలి నుంచి చెంచాడు నీరు కారింది. రాగి తీగ పచ్చబడి, వేలితో నలిపితే పొడిగా రాలింది. చెడిపోయింది దీపం కాదు, అతుకు. అప్పటి నుంచి ఆరుబయట దీపాల పని ఎవరు చేస్తున్నా నేను మొదట అడిగేది అతుకుల గురించే.

దీపం పెట్టె మీద ఐపీ అన్న అక్షరాల పక్కన రెండంకెల సంఖ్య ఉంటుంది. మొదటి అంకె దుమ్మును, రెండవ అంకె నీటిని ఎంతవరకు ఆపగలదో తెలుపుతుంది. పైకప్పు ఉన్న సిటౌట్‌కూ పోర్టికోకూ ఐపీ 44 సరిపోతుంది. వాన నేరుగా పడే గోడకూ, పైపుతో మొక్కలకు నీళ్ళు పట్టే చోటుకూ ఐపీ 65 కావాలి. నేలలో పాతే దీపాలకు, కొంతసేపు నీటిలో మునిగినా తట్టుకునే ఐపీ 67 తీసుకోవాలి; తామర తొట్టిలోనో చిన్న ఫౌంటెనులోనో ఎప్పుడూ నీటిలోనే ఉండే దీపానికి ఐపీ 68 తప్పదు, అది 12 వోల్టులదే అయి ఉండాలి. అయితే ఈ సంఖ్య దీపానికి మాత్రమే వర్తిస్తుంది. తీగ బాక్సులోకి దూరే చోట రబ్బరుతో బిగుసుకునే గ్లాండు పెట్టకపోతే, ఎంత ఖరీదైన దీపమైనా మా ఇంటి దీపాల దారే పడుతుంది. తీగను బాక్సులోకి పై నుంచి కాక అడుగు వైపు నుంచి, కొద్దిగా కిందికి వంగేలా తీసుకురమ్మని చెప్పండి. వాననీరు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతుంది.

ఆరుబయట దీపాలన్నిటికీ విడిగా ఒక ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) పెట్టించుకోవడం నా దృష్టిలో మినహాయింపు లేని నియమం. తడి నేల మీద చెప్పులు లేకుండా తిరిగే పిల్లలూ, తెల్లవారుజామున వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు పెట్టేవారూ ఉన్న ఇంట్లో, లీకయ్యే కరెంటును కన్ను మూసి తెరిచేలోగా ఆపేది ఆ ఆర్‌సీసీబీయే. విడిగా పెట్టడం వలన ఇంకొక మేలు ఉంది: బయట తడి చేరినా ఇంట్లో ఫ్యానూ ఫ్రిజ్జూ ఆగవు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్టు మీటను నెలకొకసారి నొక్కి, వెంటనే పడిపోతున్నదో లేదో చూసుకోండి. ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత మీ ఎదుటనే పరీక్ష చేయించండి.

తీగను నేలలోంచి తీసుకువెళ్ళవలసి వస్తే, 230 వోల్టులదైతే ఉక్కు కవచం ఉన్న ఆర్మర్డ్ కేబులే వాడాలి. దానిని సుమారు రెండున్నర అడుగుల లోతున ఇసుక పరచి పడుకోబెట్టి, పైన ఇటుకలు పేర్చి మట్టి కప్పాలి. రేపు మొక్క నాటడానికి ఎవరైనా గడ్డపారతో తవ్వితే ముందు ఇటుక తగులుతుంది. ఇంత తవ్వకం వద్దనుకునేవారికి 12 లేదా 24 వోల్టుల దీపాలు మేలు. ఇందులో ఒక చిక్కును మాత్రం ముందే లెక్క వేసుకోవాలి. 36 వాట్ల దీపాలను 12 వోల్టుల మీద, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో 20 మీటర్ల దూరాన పెడితే, దాదాపు ఒకటిన్నర వోల్టు దారిలోనే తరిగిపోయి, చివరి దీపాలు మసకగా వెలుగుతాయి. అదే 24 వోల్టుల మీద అయితే తరుగు అందులో సగమే, అది కూడా రెట్టింపు వోల్టులలోంచి పోతుంది కనుక కంటికి తేడా తెలియదు. బాట పొడవుగా ఉన్నవారు 24 వోల్టులే తీసుకోవడం మంచిది.

ఇక ఉప్పుగాలి సంగతి. బెసెంట్ నగర్, తిరువాన్మియూర్, నీలాంగరై, ఇంజంబాక్కం వంటి చోట్ల సముద్రానికి దగ్గరగా ఉండేవారు గేటు కమ్మీలను ఒకసారి తడిమి చూస్తే చాలు, ఈ గాలి ఇనుమును ఏం చేస్తుందో అర్థమవుతుంది. రంగు వేసిన ఇనుప స్తంభం కింది భాగాన, మరల (స్క్రూల) చుట్టూ మొదట తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అన్నంత మాత్రాన నమ్మవద్దు. 304 రకం మీద కొన్నాళ్ళకు గోధుమరంగు మచ్చలు లేస్తాయి, మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. ఇత్తడి దీపాలు రంగు మారతాయి కాని చెడవు. బడ్జెట్ తక్కువైతే గట్టి ప్లాస్టిక్ బాడీ దీపాలే ఇనుము కంటే నయం. మరలు మాత్రం దీపంతో వచ్చినవి పక్కన పెట్టి, 316 రకానివి విడిగా కొనుక్కోండి.

దీపం ఎక్కడ పెట్టాలన్నది కాగితం మీద తేలదు. సాయంత్రం ఏడు గంటలకు, చేతిలో టార్చి పట్టుకుని ఇంట్లోవారితో కలిసి బయటికి రండి. ఒకరు టార్చిని మోకాలి ఎత్తున, నేల వైపుకు వంచి పట్టుకుంటే, మరొకరు గేటు నుంచి మెట్ల వరకు నడవాలి. గేటు తాళం, నీటి సంపు మూత, బాట మలుపు, మొదటి మెట్టు, ఆఖరి మెట్టు: కాలు తడబడేవీ చెయ్యి తడుముకునేవీ సాధారణంగా ఈ నాలుగైదు చోట్లే. ముందు వాటికి దీపాలు పెట్టి, వారం రోజులు అలా వాడి చూసి, ఇంకా కావాలనిపిస్తేనే మరొకటి కలపండి. తరువాత సిటౌట్‌లో మీరు రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుని, టార్చి బల్బు కంటికి కనబడుతున్నదేమో చూడండి. కనబడితే ఆ చోటు పనికిరాదు. వెలుగు కనబడాలి కాని బల్బు కనబడకూడదు. కంటికి తగిలే దీపం దాని చుట్టూ ఉన్న చీకటిని ఇంకా నల్లగా చేస్తుంది, దొంగ భయంతో ఫ్లడ్ లైటు పెట్టించినవారు ఈ సంగతి తరచుగా మరచిపోతారు.

మేము కూడా గోడ మీద తెల్లని ఫ్లడ్ లైటు ఒకటి పెట్టించాము. మూడవ రోజు పక్కింటి మామి వచ్చి, తన పడకగది గోడ మీద కిటికీ కమ్మీల నీడ రాత్రంతా పడుతున్నదని ఎంతో మర్యాదగా చెప్పారు. ఆవిడ వెంట వెళ్ళి ఆ గదిలో నిలబడి చూస్తే, ఆవిడ మంచం మీద దినపత్రిక చదువుకోవచ్చు, అంత వెలుగు. ఆ సాయంత్రమే దానిని తీయించి, మనిషి కదలికకు మాత్రమే వెలిగే చిన్న దీపాన్ని, వెలుగు కిందికే పడేలా టోపీ ఉన్నదానిని బిగించాము. ఇళ్ళ మధ్య అయిదడుగుల సందు మాత్రమే ఉండే ఈ ఊళ్ళో, దీపం వెలిగించిన తొలి రాత్రే పక్కవారిని ఒక మాట అడగడం మంచి పద్ధతి.

రంగు విషయంలో 2700 నుంచి 3000 కెల్విన్ల మధ్య ఉండే పసుపు ఛాయ వెలుగునే ఎంచుకోండి. 6500 కెల్విన్ల నీలి తెలుపు వెలుగుకు పురుగులు ఎక్కువగా ముసురుతాయి. వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్ళు రాలి, వాటి కోసం కప్పలూ, కప్పల కోసం పాములూ రావడం తోట ఉన్న ఇళ్ళలో వింత కాదు. తలుపు నెత్తి మీద కాక, తలుపుకు నాలుగడుగులు పక్కగా దీపం పెడితే పురుగులు ఇంట్లోకి రావడం కూడా తగ్గుతుంది. చెట్టుకు కింది నుంచి పైకి దీపం పెట్టాలనుకుంటే ఒక్క చెట్టుకే పెట్టండి, వేపకో కొబ్బరికో, అదీ అతిథులు వచ్చిన రోజున. మానుకు మేకులు కొట్టవద్దు.

తీరం పక్కన ఉండేవారికి ఇంకొక బాధ్యత ఉంది, దీనిని నేను మనస్ఫూర్తిగా కోరుతున్నాను. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ ఇసుకలోనే గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లు సుమారు ఏడు వారాలకు పొదిగి, రాత్రివేళ పిల్లలు బయటికి వచ్చి, వెలుగుగా కనబడే వైపుకు పాకుతాయి. ఊరు లేని చోట ఆ వెలుగు సముద్రానిది. ఇక్కడ అది మన డాబాలది. దారి తప్పిన పిల్లలు రోడ్డు మీదికి వచ్చి చనిపోతాయి. 1988 నుంచి విద్యార్థి స్వచ్ఛంద సేవకులు నీలాంగరై, బెసెంట్ నగర్ మధ్య రాత్రుళ్ళు నడుస్తూ గుడ్లను సేకరించి భద్రపరుస్తున్నారు, అయినా వారి కంట పడని గూళ్ళు ఉంటాయి. జనవరి నుంచి మే నెలాఖరు వరకు సముద్రం వైపు ఉన్న దీపాలను చీకటి పడినప్పటి నుంచే ఆర్పివేయండి, ఆ వైపు తెరలు దించండి.

ఖర్చు సంగతి చిన్నదే. అయిదు వాట్ల దీపాలు ఆరు, రోజుకు అయిదు గంటలు వెలిగితే రెండు నెలలకు తొమ్మిది యూనిట్లు అవుతాయి. 100 వాట్ల ఫ్లడ్ లైటు ఒక్కటి రాత్రి 12 గంటలు వెలిగితే 72 యూనిట్లు. ఇక్కడ బిల్లు రెండు నెలలకు ఒకసారి వస్తుందనీ, వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర పెరుగుతుందనీ గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. టైమరు పెట్టుకోవడం తేలిక: చెన్నైలో ఏడాది పొడవునా సూర్యాస్తమయం సుమారు 5:40, 6:40 మధ్యనే కనుక, ఏడాదికి రెండుసార్లు సవరిస్తే చాలు.

అద్దె ఇంట్లో గోడ తొలిచే ముందు యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. సోలారు దీపాలు అద్దెవారికి అనుకూలమే కాని, మబ్బు పట్టిన నవంబరులో అవి అర్ధరాత్రి దాకా నిలవవు, కాబట్టి మెట్ల దగ్గర వాటినే నమ్ముకోవద్దు. ఎల్‌ఈడీ డ్రైవర్లూ (ఇంటి కరెంటును దీపాలకు సరిపడేలా మార్చే పెట్టెలు), స్ట్రిప్ లైట్లూ, గ్లాండ్లూ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. పనివారితో మాట్లాడేటప్పుడు కరెంటు ఆఫీసును ఈబీ అనీ, డాబాను మొట్టైమాడి అనీ అంటే మాట త్వరగా అందుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఇంకొక్క విషయం ఆలోచించుకోండి. ఇక్కడి కార్తిగై దీపం మన కార్తిక పౌర్ణమి నాడే రావాలని లేదు, కొన్నేళ్ళు ఒక నెల తరువాత వస్తుంది. ఆ సాయంత్రం వీధంతా గడపల మీదా ప్రహరీ గోడల మీదా మట్టి ప్రమిదలు వరుసగా వెలుగుతాయి. గోడ మీద దీపాలు బిగించేటప్పుడు ప్రమిదలకు జాగా వదిలి, తీగ ఏదీ నూనెకూ మంటకూ దగ్గరగా పోకుండా చూసుకోండి. ముందు వాకిలి దీపాలకు పెరటి దీపాలతో కలపకుండా వేరే స్విచ్చు పెట్టించండి, ఆ పూట వాటిని ఆపుకోవడానికి వీలుగా ఉంటుంది.