ఓడే సీజన్‌లో కొత్త కోచ్‌లను అంచనా వేయడం – 3వ పాఠం: కోచ్ చేతిలో ఉన్నదేమిటి?

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను: మీ ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికాలోని ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు ఓడిన మ్యాచ్‌లన్నీ రాసి, 8 పాయింట్లు లేదా అంతకన్నా తక్కువ తేడాతో పోయినవాటి చుట్టూ గీత గీయమన్నాను. టచ్‌డౌన్‌కి (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడానికి) 6, ఆ తర్వాతి ప్రయత్నానికి 2, అంటే ఒక్కసారి బంతి చేతికొస్తే అందే దూరం. ఆ కాగితం ఎదురుగా పెట్టుకోండి, ఈ పాఠంలో దానితోనే పని.

కొత్త హెడ్ కోచ్‌ని చాలాసార్లు పాడైన జట్టుకే తెస్తారు. అందుకే మొదటి ఏడాది గెలుపోటములు అతని గురించి కన్నా అతనికి అప్పజెప్పిన జట్టు గురించే ఎక్కువ చెబుతాయి. 1969లో చక్ నోల్ పిట్స్‌బర్గ్‌కి వచ్చి మొదటి మ్యాచ్ గెలిచాడు, తర్వాత వరుసగా 13 ఓడాడు. అదే మనిషి ఆ జట్టుకి 4 సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్ టైటిళ్లు) తెచ్చిపెట్టాడు. 1979లో బిల్ వాల్ష్ శాన్ ఫ్రాన్సిస్కోలో 2 గెలిచి 14 ఓడాడు, 1981 సీజన్‌కల్లా ఆ జట్టే ఛాంపియన్.

అయితే ఈ కథలు చూపించి ఓడే ప్రతి కోచ్‌నీ వెనకేసుకురావద్దు. వాల్ష్‌లా ఓడినవాళ్లు బోలెడుమంది, వాల్ష్‌లా గెలిచినవాళ్లు కొద్దిమందే. ఎవరు ఏ రకమో సీజన్ మధ్యలోనే పసిగట్టడం ఎలా అన్నదే మన పాఠం.

మొదటి గుర్తు, స్నాప్‌కి (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడానికి) ముందు జరిగేది చూడండి. బంతి కదలకముందే ఆటగాడు కదిలితే ఫాల్స్ స్టార్ట్, టైమ్‌లోగా ఆట మొదలుపెట్టకపోతే డిలే ఆఫ్ గేమ్, మైదానంలో 12 మంది ఉంటే ఇంకో పెనాల్టీ. వీటిలో ప్రతిభ ప్రశ్నే లేదు. జట్టులో స్టార్లు లేకపోయినా 11 మందిని లెక్కపెట్టి పంపొచ్చు కదా! ప్రత్యర్థి బలం వల్ల వచ్చిన ఓటమిని నేను క్షమిస్తాను గానీ, డిసెంబర్‌లో కూడా ఇవే తప్పులు చేస్తుంటే క్షమించలేను.

దీనికి ఒక మ్యాచ్‌ని దగ్గరగా చూద్దాం. 2022 సీజన్ మొదటి వారం, డెన్వర్ బ్రాంకోస్ సియాటిల్‌లో ఆడుతోంది. కోచ్ కొత్త, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ కూడా కొత్త. 17-16తో వెనకబడి ఉన్నారు. ఫోర్త్ డౌన్ (10 గజాలు సాధించడానికి ఉన్న 4 ప్రయత్నాల్లో చివరిది), 5 గజాలు కావాలి, చేతిలో 3 టైమౌట్‌లూ ఉన్నాయి. అయినా గడియారం నడుస్తుంటే చూస్తూ నిలబడ్డారు. 20 సెకన్లు మిగిలాక టైమౌట్ తీసుకుని, 64 గజాల ఫీల్డ్ గోల్‌కి (బంతిని తన్ని గోల్ కర్రల మధ్యకి పంపి 3 పాయింట్లు తెచ్చుకోవడానికి) కిక్కర్‌ని పంపారు. అది తప్పిపోయింది. మర్నాడు కోచే ఒప్పుకున్నాడు, ఫోర్త్ డౌన్ ఆడాల్సిందని.

ఒక్క పొరపాటుతో ఎవరినీ తీసిపారేయకూడదు, రెండోసారి ఏమవుతుందో చూడాలి. తర్వాతి వారం సొంత మైదానంలో ఆట మొదలుపెట్టడానికి జట్టు ఎంత తడబడిందంటే, అభిమానులే ప్లే క్లాక్ (ఆట మొదలుపెట్టడానికి ఉన్న గడువు) సెకన్లని గట్టిగా లెక్కపెట్టారు. ఆ తర్వాత ఇలాంటి నిర్ణయాల కోసమే ప్రత్యేకంగా ఒక సీనియర్‌ని స్టాఫ్‌లోకి తీసుకున్నారు. సాయం తీసుకోవడం మంచిదే, కానీ జట్టు కుదురుకోలేదు. 15 మ్యాచ్‌ల తర్వాత, 4 గెలుపులు, 11 ఓటములతో ఆ కోచ్ ఉద్యోగం పోయింది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు: కుర్రాళ్లు ఎదుగుతున్నారా? డబ్బు పెట్టి పెద్ద ఆటగాడిని కొనడం జనరల్ మేనేజర్ పని. ఉన్న కుర్రాడిని సెప్టెంబర్ కన్నా డిసెంబర్‌లో మెరుగ్గా ఆడించడం మాత్రం కోచ్‌ల పని.

2021లో డాన్ క్యాంప్‌బెల్ కొత్తగా వచ్చిన డెట్రాయిట్ లయన్స్‌నే తీసుకోండి. వాళ్ల కాగితం మీద గీతలు ఎలా ఉంటాయో చూడండి. సెప్టెంబర్‌లో బాల్టిమోర్ మీద 19-17తో ఓటమి. ఆఖరి క్షణంలో జస్టిన్ టకర్ కొట్టిన 66 గజాల కిక్ అడ్డకర్రకి తగిలి అవతల పడింది. అక్టోబర్‌లో మిన్నెసోటా చేతిలో మళ్లీ 19-17, మళ్లీ ఆఖరి కిక్కే. మొదటి గెలుపు డిసెంబర్ 5న వచ్చింది, అప్పటికి 10 ఓటములు, ఒక టై. ఆ గెలుపు ఎవరి చేతుల్లో పడింది? ఆఖరి బంతికి టచ్‌డౌన్ పట్టినవాడు డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) నాలుగో రౌండ్‌లో తీసుకున్న రూకీ (మొదటి ఏడాది ఆటగాడు), అమోన్-రా సెయింట్ బ్రౌన్. ఆ సీజన్ చివరి 6 మ్యాచ్‌లలో ప్రతిదాంట్లోనూ అతను 8 లేదా అంతకన్నా ఎక్కువ బంతులు పట్టాడు. మొదటి నెలల్లో ఆ ఊపు లేదు.

మూడోది, స్టాఫ్‌ని ఒకే ముద్దగా చూడకండి. అఫెన్స్‌కి (దాడికి) ఒక కోఆర్డినేటర్, డిఫెన్స్‌కి (రక్షణకి) ఒకరు, వాళ్ల కింద ఒక్కో స్థానానికి ఒక్కో కోచ్ ఉంటారు. హెడ్ కోచ్ సొంత మనుషుల పనిని కూడా సరిదిద్దుతున్నాడా అని చూడండి. నవంబర్‌లో క్యాంప్‌బెల్ ప్లేలు పిలిచే (ఏ ఎత్తు ఆడాలో చెప్పే) బాధ్యత అఫెన్స్ కోఆర్డినేటర్ నుంచి తనే తీసుకున్నాడు. టైట్ ఎండ్స్ (ప్రత్యర్థిని అడ్డుకుంటూ బంతి కూడా పట్టేవాళ్లు) కోచ్ బెన్ జాన్సన్‌కి పెద్ద పాత్ర ఇచ్చాడు, మరుసటి ఏడాది అతన్నే కోఆర్డినేటర్ చేశాడు. 2021ని 3 గెలుపులతో ముగించిన జట్టు 2022లో 9, 2023లో 12 గెలిచింది. మధ్యలో 2022ని 1-6తో మొదలుపెట్టినప్పుడు డిఫెన్సివ్ బ్యాక్స్ (వెనక నిలబడి పాస్‌లని అడ్డుకునేవాళ్లు) కోచ్‌ని తప్పించారు కూడా.

గాయాల జాబితా పక్కన రాసుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది. ప్రెస్ మీట్‌లో మాటలకి మార్కులు వెయ్యొద్దు.

ఈ వారం పని: మీ జట్టులో ఒక రూకీని ఎంచుకోండి. అతను ఆడిన రెండో మ్యాచ్, నిన్నటి మ్యాచ్ పక్కపక్కన పెట్టుకుని చూడండి. బంతి వెంట కాకుండా అతని వెంటే కళ్లు పెట్టండి. ఎక్కడ నిలబడ్డాడు, స్నాప్‌కి ముందు ఎవరివైపు చూశాడు, తడబడ్డాడా అని రాయండి. రెండు కాగితాలూ ఒకేలా ఉంటే అతని పొజిషన్ కోచ్ పేరు రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. నాలుగో పాఠంలో ఆ పేరు దగ్గర్నుంచే మొదలుపెడదాం.