ఎలుకల జ్ఞాపకశక్తిపై రెండు మందుల ఉమ్మడి ప్రభావాన్ని పరీక్షించే పద్ధతి

రెండు మందులు కలిసినప్పుడు ఎలుక నేర్చుకునే శక్తి ఎలా మారుతుందో పరిశీలించడానికి స్కోపోలమైన్, డోనెపెజిల్ జంట అనువైనది. మొదటిది జ్ఞాపకానికి తోడ్పడే ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే మస్కరినిక్ గ్రాహకాలను అడ్డుకొని మతిమరుపు కలిగిస్తుంది. రెండవది ఎసిటైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును నిరోధించి ఆ లోటును కొంతవరకు పూరిస్తుంది.

సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి లభించాకే పని మొదలుపెట్టండి. ఎలుకలను యాదృచ్ఛికంగా 4 గుంపులు చేసి, ఒకదానికి సెలైన్ మాత్రమే, రెండింటికి చెరొక మందు, నాలుగవదానికి రెండు మందులూ ఇవ్వండి. సూదిపోటు కలిగించే ఒత్తిడి అన్నిటికీ ఒకటే కావాలి కనుక, మందు లేనిచోట సెలైన్ ఎక్కించండి.

అన్నిటికంటే కీలకమైనది మందు ఇచ్చే వేళ. శిక్షణ ముగిసిన వెంటనే ఇస్తే జ్ఞాపకం స్థిరపడే దశనూ, పరీక్షకు ముందు ఇస్తే గుర్తుతెచ్చుకునే దశనూ అంచనా వేయవచ్చు. శిక్షణకు ముందే ఇచ్చిన మందు మాత్రం నేర్చుకోవడంతో ఆగక, శరీరంలో నిలిచి తర్వాతి దశనూ తాకవచ్చు.

నాడీశాస్త్రవేత్త రిచర్డ్ మోరిస్ 1981లో వివరించిన నీటి తొట్టె పరీక్షలో, నీటి కింద దాగిన వేదికను ఎలుక చేరే సమయాన్ని కొలవండి. (వేదిక కనిపించకుండా ఆయన నీటిలో పాలు కలిపేవారు, ఇప్పుడు హానిలేని రంగు చాలు.) స్కోపోలమైన్ కదలికలనూ మారుస్తుంది కనుక, ఈత వేగాన్నీ, పైకి కనిపించే వేదికను చేరే సామర్థ్యాన్నీ విడిగా నమోదు చేయకుండా మతిమరుపని తేల్చడం నా దృష్టిలో తొందరపాటే. మెదడులోకి అంతగా చేరని మిథైల్‌స్కోపోలమైన్‌ను మరొక గుంపుకు ఇస్తే, మార్పులో మెదడు వెలుపలి ప్రభావం ఎంతో తెలుస్తుంది.

ఫలితాలను రెండు కారకాల అనోవాతో (గుంపుల సగటులను పోల్చే గణాంక పద్ధతి) విశ్లేషించి, పరస్పర ప్రభావాన్ని తెలిపే విలువను చూడండి. ఒక మందు రెండవదాని రక్తస్థాయిని మార్చిందేమో ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) నమూనాలతో సరిచూడండి.